పడవ మోటారు ఎంత లోతున వుండాలి?



నాగలి పట్టిన ప్రతివానికీ ఒక సంగతి తెలుసు. కర్రు మరీ పైపైన నడిస్తే నేల గీరుకుంటుందే గాని దుక్కి కాదు. మరీ లోతున దిగితే ఎడ్లు రొప్పుతాయి, సాలు సాగదు. అందుకని రైతు నొగను కాడికి కట్టే చోటు ఒక వేలెడు అటూ ఇటూ మార్చి, తన నేలకూ తన ఎడ్లకూ సరిపడే లోతు చూసుకుంటాడు. పడవ వెనుక తగిలించే మోటారు సంగతి కూడా సరిగ్గా ఇంతే. అది నీటిలో ఎంత లోతున దిగి వుండాలి, ఎంత పైకి వుండాలి అన్నదానికి ఒక లెక్క వున్నది. ఆ లెక్క ఒకటి రెండు అంగుళాలు తప్పిందంటే పెట్రోలు దండుగ, ఇంజను చేటు. సముద్రపు మొగ దగ్గరనైతే మనిషి ప్రాణానికే ముప్పు. ఈ విషయమే ఈనాడు కొంచెం వివరంగా ముచ్చటించుకుందాం.

వేటకు వెళ్లే సోదరులకే గాక, గోదావరి, కృష్ణా లంకలలో పంటను పడవ మీద ఒడ్డుకు చేర్చే రైతులకు, వరదరోజుల్లో జనాన్ని దాటించే వారికి, గ్రామాలు తిరిగే విస్తరణ కార్యకర్తలకు కూడా ఇది పనికివస్తుంది. మన కోస్తాలో ఫైబరు పడవలకు కొందరు పొడుగాటి ఇరుసుతో డీజిలు ఇంజను బిగిస్తారు. మరికొందరు పడవ వెనుక పలకకు పెట్రోలు మోటారు తగిలిస్తారు. నేను చెప్పబోయేది ఈ రెండవ రకాన్ని గురించి. ఇది కొత్త వస్తువేమీ కాదు. నార్వేలో పుట్టి అమెరికాలో స్థిరపడిన ఓలే ఎవిన్‌రూడ్ అనే యంత్రాల పనివాడు 1909లోనే మిల్వాకీ నగరంలో ఇటువంటి మోటార్లు తయారుచేసి అమ్మకం మొదలుపెట్టాడు. మన దేశంలో 1980 తరువాత కేరళ తీరంలో ఇవి విరివిగా వ్యాపించాయి.

ముందుగా నేను కళ్లారా చూసిన ఒక సంగతి చెబుతాను.

గోదావరి పాయ ఒకటి సముద్రంలో కలిసే చోట ఒక పల్లె. అక్కడ ఒక పెద్దాయనకు ఇరవై నాలుగు అడుగుల ఫైబరు పడవ, పది గుర్రాల లోపు మోటారు వున్నవి. ఏళ్ల తరబడి ఏ చిక్కూ లేకుండా నడిచింది. ఒక యేడు వేట నిషేధపు రోజుల్లో పడవకు మరమ్మతు చేయించాడు. అమరం వైపు నుంచి కెరటం లోపలికి దూకుతున్నదని, వెనుక పలక మీద అడ్డంగా రెండంగుళాల చెక్క వేయించాడు. పని బాగానే వుంది. రంగు వేసి, మోటారును ఆ కొత్త చెక్క మీద తగిలించి, గట్టిగా బిగించాడు.

కాలువలో పడవ చక్కగానే నడిచింది. మొగ దాటేటప్పుడు వచ్చింది చిక్కు. అణియం కెరటం దిగి, అమరం పైకి లేచిన క్షణంలో మోటారు ఒక్కసారిగా గొంతు చించుకున్నట్లు అరిచింది. శబ్దం పెరిగింది గాని పడవ ముందుకు కదలలేదు. ఇంతలో వెనుక వచ్చిన కెరటం పడవను అడ్డం తిప్పేసింది. లోపల ముగ్గురు మనుషులు. తెడ్లు వేసి, అణియాన్ని కెరటానికి ఎదురు తిప్పి ఎట్లాగో బయటపడ్డారు. వల ఒకటి పోయింది. మనుషులు దక్కారు, అదే పదివేలు.

ఇక అక్కడి నుంచి మోటారుకు వైద్యం మొదలైంది. ఒకరు ప్లగ్గు మార్చమన్నారు. ఇంకొకరు కార్బురేటరు విప్పి కడిగారు. వేలు ఖర్చయినవి. మొగ దగ్గర మోటారు మళ్లీ అట్లాగే అరుస్తున్నది. నేను ఆ వూరు వెళ్లిన రోజున పెద్దాయన, ‘బాబూ, ఈ మోటారు చచ్చిపోయింది. అమ్మేద్దామంటే కొనేవాడు లేడు’ అన్నాడు.

‘మామయ్యా, మోటారును తరువాత చూద్దాం. ముందు ఒక తిన్నని బద్ద వుంటే ఇప్పించు’ అన్నాను. ఆరడుగుల సరుగుడు బద్ద తెచ్చాడు. పడవ ఇసుక మీదనే వుంది. బద్దను పడవ అడుగుకు ఆనించి వెనక్కు చాపి చూశాము. మోటారు కాలికి పంకా పైన ఒక వెడల్పాటి రేకు వుంటుంది. ఆ రేకు బద్దకు సమానంగా వుండవలసింది పోయి, రెండంగుళాలు పైన వున్నది. అదే ఆ కొత్త చెక్క మందం! ఇంజనులో ఏ దోషమూ లేదు. దోషమంతా రెండంగుళాల చెక్కది.

ఇది ఎట్లా జరిగిందో తెలియాలంటే మోటారు కాలి నిర్మాణం కొంచెం తెలుసుకోవాలి. పైన మూత కింద ఇంజను. అక్కడినుంచి కిందికి నిలువుగా ఒక కాలు. కాలు చివర గేర్లపెట్టె, దాని వెనుక పంకా. పంకాకు సరిగ్గా పైన, అడ్డంగా పరుచుకొని ఒక రేకు. ఈ రేకును అలంకారమని కొందరు, కాలు పెట్టి ఎక్కడానికి మెట్టు అని కొందరు అనుకుంటారు. రెండూ కాదు. పంకా గిరగిర తిరిగేటప్పుడు చుట్టూ వున్న నీటిని తన వైపు లాక్కుంటుంది. నీటి పైభాగం దగ్గరలో వుంటే పైనున్న గాలిని కూడా లాగేస్తుంది. ఆ గాలిని దిగనీయకుండా పంకా నెత్తిన గొడుగులాగా అడ్డం నిలిచేదే ఈ రేకు.

పంకా గాలి తాగితే ఏమవుతుంది? మన బావుల దగ్గర పంపుసెట్టును చూడండి. ఫుట్‌వాల్వు నీటిపైకి తేలి గాలి పట్టిందంటే మోటారు తిరుగుతూనే వుంటుంది, చుక్క నీరు రాదు. ఇక్కడా అంతే. పంకా రెక్కలకు చిక్కని నీరు అందితేనే పడవకు తోపు వస్తుంది. నీటికి బదులు గాలి కలిసిన నురగ అందితే రెక్కలకు పట్టు దొరకదు. బరువు తప్పిన ఇంజను విపరీతమైన వేగంతో తిరుగుతుంది, పడవ మాత్రం నిలబడిపోతుంది. పెద్దాయన మోటారు అరిచిందంటే ఇందుకే. కాలువలో నీరు నిలకడగా వుంది గనుక ఆ లోపం బయటపడలేదు. మొగలో అమరం లేచేసరికి పంకా గాలికి దొరికిపోయింది.

గాలి తాగడంతో ఇంకొక ప్రమాదమూ వున్నది. ఈ మోటార్లు ఏ నీటిలో నడుస్తున్నవో ఆ నీటితోనే తమను తాము చల్లబరచుకుంటాయి. కాలి మీద, ఆ రేకుకు దిగువన, నీరు పీల్చుకొనే సన్నని రంధ్రాలు వుంటాయి. లోపల రబ్బరు రెక్కల చక్రం ఒకటి ఆ నీటిని పైకి తోడి ఇంజను చుట్టూ తిప్పుతుంది. తిరిగి వచ్చిన నీటిలో కొంత, ఇంజను పక్కనుంచి సన్నని ధారగా బయటికి చిమ్ముతుంది. మోటారు మరీ ఎత్తున వుంటే ఆ రంధ్రాలు కూడా గాలినే పీలుస్తాయి. నీటి తడి లేకుండా తిరిగిన రబ్బరు చక్రం కొద్దిసేపటికే కాలి చిరిగిపోతుంది. ఆ తరువాత ఇంజను వేడెక్కి పట్టేస్తుంది. అందుచేత నడిపేవాడు మాటిమాటికీ వెనుదిరిగి ఆ ధారను చూస్తూ వుండాలి. ధార సన్నబడినా, ఆగినా, వెంటనే ఇంజను ఆపవలెను. నాచు గాని, గుర్రపుడెక్క వేళ్లు గాని, ఇసుక గాని రంధ్రాలకు అడ్డుపడినా ధార ఆగుతుంది. అదీ చూసుకోవాలి.

‘అయితే ఎందుకొచ్చిన గొడవ, మోటారును బాగా లోతుకు దింపేస్తే సరి’ అని ఎవరైనా అనవచ్చు. అది కూడా తప్పే. కాలు ఎంత లోతుకు దిగితే నీరు దాన్ని అంతగా వెనక్కు పట్టి లాగుతుంది. కర్రు లోతున దిగిన నాగలిని ఎడ్లు లాగినట్లే ఇంజను పడవను లాగుతుంది. వేగం తగ్గుతుంది, పెట్రోలు ఎక్కువ తాగుతుంది. రేకు పైన వుండే కాలి భాగానికి నీరు కొట్టుకొని, పైకి చిమ్మి, పడవలోకీ మోటారు మీదికీ పడుతుంది. ఉప్పునీరు మూత లోపలికి చేరితే తీగలు, మరలు తుప్పు పడతాయి. చుక్కాని పిడి చేతికి బరువవుతుంది. పాటు వేళ లంకల మధ్య, మేటల మీద పంకా ఇసుకకు తగిలి రెక్కలు వంగుతాయి. ఖర్చు సంగతి చూడండి. ఈ ఒక్క లోపం వల్ల రోజుకు ఒక లీటరు పెట్రోలు అదనంగా పోతున్నదని అనుకుందాం. ఏడాదికి 200 రోజులు వేటకు వెళ్లినా 200 లీటర్లు నీటిపాలు. దాని ధర ఎంతో మీరే కట్టి చూసుకోండి.

కాబట్టి ఎత్తూ చేటే, లోతూ చేటే. సరైన మట్టం ఎక్కడ?

సాధారణ సూత్రం ఒకటి గుర్తుంచుకోండి. పంకా పైనున్న ఆ రేకు, పడవ అడుగు భాగానికి సమానంగా గాని, దానికంటే ఒక అంగుళం, అంటే 25 మిల్లీమీటర్ల లోపు, దిగువగా గాని వుండాలి. తేలికగా వుండి నీటిపైకి లేచి పరుగెత్తే పడవకు సమానంగా వుంచితే సరిపోతుంది. వలలూ ఐసూ మోసుకొని నిదానంగా నడిచే పడవకు, కెరటాల మీద తిరిగే పడవకు, అంగుళం దిగువ మేలు. మీ మోటారుతో వచ్చిన పుస్తకంలో ఇంకొక కొలత వుంటే ఆ కొలతనే పాటించండి. తయారు చేసినవాడికి తన సరుకు సంగతి బాగా తెలుసును గదా.

ఈ లెక్క మోటారు కొనేటప్పుడే మొదలవుతుంది. ఒకే గుర్రపు బలం గల మోటార్లు పొట్టి కాలుతోనూ వస్తాయి, పొడుగు కాలుతోనూ వస్తాయి. పొట్టి కాలు 15 అంగుళాల పలకకు, పొడుగు కాలు 20 అంగుళాల పలకకు, ఇంకా పొడుగు కాలు 25 అంగుళాల పలకకు సరిపోతాయి. అందుచేత అంగడికి వెళ్లేముందు మీ పడవ వెనుక పలకను, సరిగ్గా నడిమధ్యన, మోటారు కూర్చునే పై అంచు నుంచి పడవ అడుగు దాకా టేపుతో కొలిచి, కాగితం మీద రాసుకొని వెళ్లండి. పక్కన కొలవకూడదు. నడుమ కొలతే లెక్క. చవకగా వచ్చిందని పాత మోటారు కొని, పొట్టి కాలుదాన్ని 20 అంగుళాల పలకకు తగిలిస్తే రేకు అయిదంగుళాలు పైన వుంటుంది. ఆ చవక చాలా ఖరీదవుతుంది. అట్లాగని దాన్ని దింపడానికి పలకను అయిదంగుళాలు కోసేశారా, ఆ కోసిన చోటునుంచే వెనుక కెరటం పడవలోకి వస్తుంది. పడవకు తగిన మోటారు చూసుకోవాలే గాని, మోటారు కోసం పడవ ప్రాణం తీయకూడదు.

ఇప్పుడు వున్న మోటారును సరిచూసే పద్ధతి చెబుతాను. దీనికి కావలసినవి నాలుగే: ఆరడుగుల తిన్నని బద్ద, టేపు, సుద్దముక్క, మోటారుకు సరిపడే పానా. తూర్పు తీరంలో వేట నిషేధం ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు, 61 రోజులు వుంటుంది. మోటారు పడవలు ఒడ్డున వుండే ఆ రోజులే ఈ పనికి అనువైన కాలం.

మొదటిది: పడవను ఇసుక మీద, వెనుక భాగం కింద ఇద్దరు వంగి చూడగలిగేటంత ఎత్తున, దుంగల మీద కదలకుండా నిలపండి. దుంగ సరిగా లేని పడవ కిందికి ఎవరూ దూరవద్దు.

రెండవది: మోటారును పూర్తిగా కిందికి దించి, నడిచేటప్పుడు వుండే కోణంలో వుంచండి. వంపు చీల సరైన రంధ్రంలో వుందో లేదో చూడండి. రేకు పడవ అడుగుకు సమాంతరంగా, అంటే రెండు పట్టాల మాదిరి, వుండాలి. కోణం తప్పుగా వుంటే ఎత్తు కొలత కూడా తప్పు వస్తుంది.

మూడవది: బద్దను పడవ అడుగుకు, వెనుక పలకకు ముందున్న భాగంలో, మధ్యగా ఆనించి, వెనక్కు మోటారు కాలి పక్కదాకా చాపండి. బద్ద ఎక్కడికి వచ్చిందో కాలి మీద సుద్దతో గీత గీయండి. ఆ గీతకూ రేకుకూ మధ్య ఎంత దూరమో కొలవండి. రేకు గీతకు పైన వుంటే మోటారు ఎత్తున వున్నది. అంగుళం కంటే ఎక్కువ కింద వుంటే మరీ లోతున వున్నది.

అడుగున నడిమి దూలం పలకదాకా వచ్చే పడవలు కొన్ని వున్నవి. అటువంటి చోట బద్దను దూలానికి కాక, అడుగు పలకకు ఆనించాలి. ఆ దూలం చివర మొద్దుగా తెగి వుంటే, దాని వెనుక నీరు సుడి తిరిగి నురగ లేస్తుంది. ఆ నురగ నేరుగా పంకాకే పోతుంది. దూలం చివరను పలకకు కొంత ముందునుంచే ఏటవాలుగా సన్నం చేయిస్తే నీరు సాఫీగా అందుతుంది. మోటారు ఎత్తు సరిగానే వున్నా గాలి తాగుతూ వుంటే ముందుగా ఈ దూలాన్ని అనుమానించాలి.

మోటారు లోతున వున్నదని తేలితే పైకి లేపడం సులువు. గట్టి చెక్క, టేకు గాని మద్ది గాని, అర అంగుళం మందాన, మోటారు పట్టు వెడల్పున కోసి, పలక పై అంచున మరలతో బిగించి, దాని మీద మోటారును కూర్చోబెట్టండి. వదులుగా పెట్టిన చెక్క అదురుకు జారిపోతుంది గనుక తప్పక బిగించాలి. ఒక్కొక్క విడతకు అర అంగుళమే మార్చండి. అంగుళానికి మించి లేపవలసి వస్తే వట్టి చెక్క చాలదు. బిగింపు మరలు పలక పై అంచుకు దగ్గరగా వచ్చి, పట్టు తప్పుతుంది. అప్పుడు పలకకే లోపలా బయటా చెక్క వేసి, బోల్టులతో ఎత్తు పెంచాలి. అది పడవ పని తెలిసిన వడ్రంగి చేత చేయించాలి. పెద్ద మోటార్లకు బోల్టు రంధ్రాలు ఒకదాని కింద ఒకటి వరుసగా వుంటాయి. అక్కడ చెక్క అక్కరలేదు, రంధ్రం మారిస్తే చాలు.

బోల్టు కోసం పలకకు రంధ్రం చేసిన ప్రతిచోటా నీరు చొరకుండా మైనపు బంకవంటి సముద్రపు సీలు పూయండి. ఫైబరు పడవ పలక లోపల చెక్క వుండవచ్చు. తడి తగిలిందా, పైకి బాగానే కనిపిస్తూ లోపల చివికిపోతుంది. అటువంటి పలక మీద మోటారు ఒకనాడు పలకతో సహా నీటిలో పడుతుంది. బిగింపు మరలు ఎంత గట్టిగా తిప్పినా సరే, మోటారుకు ఒక గొలుసు గాని గట్టి తాడు గాని కట్టి పడవ లోపలి కొక్కేనికి ముడివేయండి. మొదటి అరగంట నడిచాక మరలను మరొకసారి బిగించండి. అదురుకు అవి వదులు కావడం మామూలే.

మోటారు ఎత్తున వున్నదని తేలితే దించాలి. ఇక్కడే ఎక్కువ జాగ్రత్త కావాలి. పైన చెప్పిన పెద్దాయన పడవకు మేము చేసింది ఇది. కొత్తగా వేసిన రెండంగుళాల చెక్కను పూర్తిగా తీసేస్తే కెరటం లోపలికి వస్తుందని ఆయన భయం. అది నిజమైన భయమే. అందుకని చెక్కను తీయలేదు. మోటారు పట్టు కూర్చునే మేరకే మధ్యలో గాటుగా కోయించాము. రెండు పక్కలా చెక్క అట్లాగే వున్నది. ఆ గాటునుంచి వచ్చే నీరు పడవలోకి పోకుండా, పలకకు ముందు లోపల ఒక అడ్డపలక వేసి చిన్న తొట్టివలె చేయించి, ఆ తొట్టి నీరు తిరిగి బయటికి పోవడానికి రెండు తూములు పెట్టించాము. మోటారు తన పాత చోటికి దిగింది. కెరటానికి అడ్డూ వున్నది.

ఒడ్డు మీది కొలత సగం పని మాత్రమే. మిగతా సగం నీటి మీద. పడవ ఒట్టిగా వున్నప్పుడు ఒక తీరుగా, బరువుతో వున్నప్పుడు మరొక తీరుగా కూర్చుంటుంది. కనుక రెండు రకాలుగానూ పరీక్షించాలి. నిదానంగా వున్న నీటిలో, అందరూ లైఫ్‌జాకెట్లు తొడుక్కొని, మోటారు ఆపే తాడును నడిపేవాడు మణికట్టుకు తగిలించుకొని మొదలుపెట్టాలి. నడిపేవాడు జారిపడితే ఆ తాడు ఊడి ఇంజను ఆగిపోతుంది. లేకపోతే పడవ తిరిగి తిరిగి పడినవాని మీదికే రావచ్చు. ఆ తాడును ఇంటి దగ్గర మేకుకు తగిలించి వచ్చేవారు చాలామంది వున్నారు. అది మంచిది కాదు.

మొదట రేకు అడుగుకు అంగుళం దిగువన వుండగా పరీక్ష మొదలుపెట్టండి. పూర్తి వేగాన రెండు నిమిషాలు నడపండి. ఈ రోజుల్లో చేతి ఫోనులోనే వేగం చూపే ఏర్పాటు వుంటున్నది. పారే నీటిలోనైతే ఏటికి ఎదురు ఒకసారి, వాలు ఒకసారి నడిపి, రెండు వేగాలకూ సగటు తీయాలి. తరువాత కుడికీ ఎడమకూ మలుపు తిప్పండి. మలుపులో మోటారు శబ్దం ఒక్కసారిగా పెరిగి తోపు తగ్గిందా? నీటిధార సన్నబడిందా? మోటారు మీదికి నీరు ఎగజిమ్ముతున్నదా? ఈ మూడు ప్రశ్నలకూ జవాబు చిన్న పుస్తకంలో రాసుకోండి. తరువాత అర అంగుళం లేపి మళ్లీ అదే పరీక్ష. వేగం పెరుగుతూ, మలుపులో పట్టు తప్పకుండా వున్నంతవరకు లేపవచ్చు. మలుపులో మొదటిసారి గాలి తాగిన సూచన కనిపించగానే, అక్కడినుంచి అర అంగుళం దించండి. కాలువకూ నదికీ అదే మీ మట్టం. మొగ దాటి సముద్రానికి వెళ్లే పడవైతే మరొక అర అంగుళం దించండి. కొంచెం వేగం తగ్గితే తగ్గనివ్వండి. కెరటంలో పట్టు తప్పకుండా వుండడం ముఖ్యం.

ఎత్తు కుదిరిన తరువాత కోణం మళ్లీ చూసుకోవాలి. మోటారు కాలు పడవ వైపు మరీ దగ్గరగా వుంటే అణియం నీటిలో గుచ్చుకుంటుంది. దూరంగా వుంటే అణియం గాలిలోకి లేస్తుంది, పంకా కూడా పైకి వస్తుంది. వంపు చీలను ఒక్కొక్క రంధ్రం మార్చి, పడవ సమంగా కూర్చున్న చోట వుంచండి. బరువు అంతా అమరం దగ్గరే వేసి అణియం లేస్తున్నదని మోటారును తిట్టడం న్యాయం కాదు. ఐసు పెట్టెను ఒక అడుగు ముందుకు జరిపితేనే కుదిరిపోయే పడవలు నేను చూశాను.

ఇంకొక భ్రమ కూడా తీర్చాలి. పంకా రెక్కల మీద చిన్నచిన్న గుంటలు పడితే ‘ఇది కూడా గాలి తాగడం వల్లే’ అంటారు. అది వేరు. రెక్క వంగినా, అంచు చిట్లినా, దాని వెనుక ఒత్తిడి బాగా తగ్గి, చల్లని నీరే మరిగినట్లు ఆవిరి బుడగలు కడుతుంది. ఆ బుడగలు పగిలినప్పుడల్లా లోహాన్ని చీమ కొరికినట్లు కొరుకుతాయి. దానికి మందు పంకాను బాగుచేయించడం గాని, మార్చడం గాని. మోటారు ఎత్తు మారిస్తే తీరదు.

లోతు తక్కువ నీటిలో మోటారును కొంచెం వంచి నడిపే ఏర్పాటు చాలా మోటార్లకు వుంటుంది. లంకల దగ్గర అది వాడవచ్చు. కాని నిదానంగానే నడపాలి, నీరు పీల్చే రంధ్రాలు మునిగే వుండాలి, ధార పడుతూ వుండాలి. 1986 ఆగస్టులో, 2022 జూలైలో గోదావరి వరదలు చూసినవారికి తెలుసు, అటువంటప్పుడు ఒక్క పడవలో ఎంతమంది ఎక్కుతారో. జనం వెనుక భాగంలో గుమిగూడితే మోటారు లోతుకు దిగి, పలక అంచు నీటికి దగ్గరవుతుంది. అందరూ ముందుకు పోతే పంకా తేలిపోతుంది. మనుషులను మధ్యలో, సమంగా కూర్చోబెట్టడం కూడా మోటారు ఎత్తు సరిచేయడంలో ఒక భాగమే.

విస్తరణ కార్యకర్తలకు ఒక మనవి. ఈ విషయం ఉపన్యాసంతో పల్లెలో ఎక్కదు. ఒక పడవను ఒడ్డుకు తీయించి, బద్ద పెట్టి, సుద్దగీత గీసి చూపండి. అయిదు నిమిషాల్లో అందరూ తమ తమ పడవల దగ్గరకు బద్ద పట్టుకొని పోతారు. ఏ పడవకు ఏ మట్టం కుదిరిందో ఆ కొలతను పలక లోపలివైపున రంగుతో రాయించండి. మోటారు మరమ్మతుకు పోయి తిరిగి వచ్చినప్పుడు, పలకకు కొత్త చెక్క వేసినప్పుడు, పడవ మారినప్పుడు, మళ్లీ బద్ద పెట్టి చూడాలని చెప్పండి.

ఆ పెద్దాయన సంగతి చెప్పి ముగిస్తాను. గాటు కోయించిన తరువాత మొదట కాలువలోను, తరువాత నీరు నెమ్మదిగా వున్న ఒక పూట మొగలోను పడవ నడిపి చూశాము. అణియం కెరటం దిగింది, అమరం లేచింది. ఆయన పిడి గట్టిగా పట్టుకొని చెవి ఒగ్గాడు. మోటారు అరవలేదు. అదే గొంతుతో తోసుకుపోయింది. ఒడ్డుకు వచ్చాక ఆయన ఎంతోసేపు మాట్లాడలేదు. చివరికి, ‘నలభై ఏళ్లుగా కెరటం లెక్క చూసినవాణ్ణి, రెండంగుళాల లెక్క చూసుకోలేకపోయాను గదా బాబూ’ అన్నాడు. ఆ బద్దను మాత్రం పొయ్యిలోకి పోనీయకుండా, ఇంటి చూరులో దోపించి దాచాడు.

మీరు కూడా ఒక తిన్నని బద్ద దాచుకోండి. పడవ నీటిలోకి దించేముందు ఒక్కసారి అడుగుకు ఆనించి చూడండి.